ఇంటి గోడమీది దైవము: ఫ్లారెన్సు మట్టిమూర్తులు, కోవిల్పట్టి పటములు

కోవిల్పట్టి బజారులోగాని, విరుదునగరము వర్తకవీధిలోగాని ఒక పాత దుకాణమున అడుగిడినవారికి గల్లాపెట్టెకు పైగా, గోడమీద, అద్దపు చట్రములో నొక దైవచిత్రము కనబడును. అద్దముమీద గంధపు చుక్క, దానిపై కుంకుమ, చట్రపు మూలలో ఆ ఉదయమున నెవ్వరో దోపిన పూవు. ఏ దైవమనునది యజమాని యిష్టము. తామరపై లక్ష్మి కావచ్చును, వల్లీదేవసేనలతోడి మురుగన్ కావచ్చును, బాలుని నెత్తుకొన్న మరియమ్మ కావచ్చును. ఆ చిత్రము నెవరు వ్రాసిరని యడుగువారు మాత్రము అరుదు.

దేవాలయములోని మూర్తి వేరు, ఇంటిలోని మూర్తి వేరు. ఆలయమూర్తి ఒక్కటియే. దానికి ప్రతిష్ఠ గలదు, అర్చకుడు గలడు, దర్శనమునకు వేళ గలదు. భక్తుడే దానికడకు పోవలెను. ఇంటి మూర్తి భక్తుని కడకు వచ్చినది. పాలు పొంగుట, పిల్లలు పోట్లాడుకొనుట, అప్పులవాడు వచ్చి పోవుట, పురుడు, జ్వరము, మరణము, అన్నియు దాని కన్నులయెదుటనే జరుగును. అదే మూర్తి ఇరుగింటను ఉండును, పొరుగింటను ఉండును. శిల్పశాస్త్రములు మొదటి జాతి మూర్తిని గూర్చి విస్తరించి చెప్పినవి. కళాచరిత్ర వ్రాసినవారును దానినే పట్టుకొనిరి. రెండవ జాతి మూర్తి మాత్రము ‘నకలు’ అను నింద మోయుచు వచ్చినది. పలుగా నుండుటయే ఇంటి మూర్తి స్వభావమనియు, అట్టి మూర్తిని కల్పించుటకు ఆలయశిల్పికి వలెనే ప్రతిభ కావలెననియు తెలిసికొనుటకు రెండు ఊళ్లు మిక్కిలి తోడ్పడును: ఇటలీ దేశమున ఫ్లారెన్సు, తెన్నాట కోవిల్పట్టి. అచట ద్రవ్యము మన్ను, ఇచట కాగితము. ఆ కాగితపు పని చేసినవాడు తెలుగు పేరుగల రాజు.

ముందుగా ఫ్లారెన్సు సంగతి. క్రీస్తుశకము 15వ శతాబ్దిలో ఆ పట్టణము ఉన్నినేతకును, వడ్డివ్యాపారమునకును పేరెన్నిక గన్నది. అచటి గృహస్థు ఇల్లు కట్టుకొనినను, కుమారునికి పెండ్లిచేసినను, పడకగదిలో నొక మరియమ్మ మూర్తిని పెట్టుట ఆచారము. నాటి వారు వ్రాయించిన ఇంటిసామాను జాబితాలు నేటికిని దొరకుచున్నవి. వానిలో మంచములు, పెట్టెలు, దుప్పట్లతోపాటు మరియమ్మ మూర్తి తఱచుగా కనబడును. ఆ పడకగది మనము తలచునంత మరుగైనది గాదు. దంపతులు నిద్రించునదియు, స్త్రీలు ప్రసవించునదియు, ఆప్తులు వచ్చి కూర్చుండునదియు ఆ గదియే. మూర్తిముందు క్రొవ్వొత్తి వెలిగింతురు. కొన్నింటికి తెర యుండును. ప్రార్థనవేళ తెర తొలగించి మోకరింతురు. జొవాన్ని దొమినీచి యను సన్న్యాసి 15వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఒక గృహిణికి కుటుంబధర్మములు బోధించుచు వ్రాసిన గ్రంథమున, పసిబిడ్డలు చూచి పెరుగుటకై బాలయేసు మూర్తిని, ఇతర పవిత్రబాలుర మూర్తులను ఇంట నుంచవలెనని చెప్పినాడు. బిడ్డకు అక్షరములు రాకముందే రూపము వచ్చునని ఆయన యెఱుగును. దసరాకు బొమ్మలకొలువు పెట్టి, ఏ బొమ్మ ఏ దేవుడో మనుమలకు చెప్పు తెలుగింటి అవ్వలకు ఇది క్రొత్త మాట గాదు.

అయితే అందరికిని చలువరాతి మూర్తి కొన శక్తి యుండదు. చలువరాయి గనినుండి రావలెను, దానిని చెక్కుటకు నెలలు పట్టును. అందువలన శిల్పులు ఒక మార్గము కనుగొనిరి. పేరుగన్న శిల్పి యొకడు ఉబ్బెత్తుగా నొక మరియమ్మను చేయును. దానినుండి అచ్చు తీయుదురు. ఆ అచ్చులో గచ్చు పోసియో మన్ను అదిమియో ప్రతులు తీయుదురు. ప్రతి యొక్కటికి రంగులు వేయుట చిత్రకారుని పని. నెరి ది బిచ్చి యను చిత్రకారుడు 1453 మొదలు 1475 వరకు వ్రాసికొన్న లెక్కలపుస్తకము మిగిలియున్నది. పెద్ద ఆలయచిత్రముల ప్రక్కనే, గచ్చు మరియమ్మలకు రంగువేసి చట్రము బిగించిన పద్దులును దానిలో నున్నవి.

మహాశిల్పి దొనాతెల్లో 1456లో తనకు వైద్యముచేసిన జొవాన్ని కెల్లీనికి ఒక కంచు మరియమ్మను కానుకగా నిచ్చెను. గుండ్రని పళ్లెమువంటి ఆ మూర్తి వెనుక వైపును కూడ అదే రూపము లోతుగా మలచబడియున్నది. దానిలో కరగిన గాజు పోసినచో అట్టిదే మరియొక మూర్తి వచ్చును! కానుక యిచ్చినవాడు అసలును, అచ్చును ఒకే వస్తువులో ఇచ్చినాడు. నకలు తీయుట అవమానమని ఆ కాలపు మహాశిల్పి తలపలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? ఇప్పుడది లండను నగరమున విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది.

ఈ త్రోవలోనే లూకా దెల్లా రొబ్బియా ముందునకు వచ్చెను. ఇతడు 1400 ప్రాంతమున ఫ్లారెన్సులో జన్మించి 1482లో గతించినవాడు. మొదట చలువరాతి శిల్పి. ప్రధానదేవాలయమున గాయకులు నిలుచు వేదికకై 1431 నుండి 1438 వరకు అతడు చెక్కిన ఆడుచు పాడుచునున్న పిల్లల పలకలు నేటికిని ప్రసిద్ధములు. అట్టివాడు మట్టివైపు ఏల మరలెను? శిల్పుల చరిత్రలను 1550లో అచ్చువేయించిన వసారి చెప్పు కారణము లౌకికమైనది: రాతిపనిలోను కంచుపనిలోను పట్టిన కాలమును, వచ్చిన రొక్కమును లెక్కచూచుకొని, శ్రమ యధికము ఫలము స్వల్పము అని లూకా గ్రహించెనట. లెక్క చూచుకొనుట కళకు శత్రువనువారు ఈ ఘట్టమును మరల చదువదగును.

పచ్చిమన్ను చేతికి లొంగును గాని నిలువదు. కాల్చిన మన్ను నిలుచును గాని దానిమీది రంగు రాలిపోవును. లూకా చేసిన పని యేమనగా, కుమ్మరులు పళ్లెములకు కూజాలకు వేయు తెల్లని గాజుపూతను తెచ్చి శిల్పమునకు వేయుట. ఆ పూతను అతడు కనిపెట్టలేదు. చీనాదేశపు తెల్లని పింగాణిని చూచి, అట్టి తెలుపు తమ మట్టిపాత్రలకు రాదాయని యత్నించిన ఇరాకు దేశపు కుమ్మరులు 9వ శతాబ్దిలో దానిని సాధించిరి. అది అరబ్బుల వెంట స్పెయినునకు, అచటినుండి ఇటలీకి చేరినది. కావున కతోలికుల ఇంటి గోడమీద తెల్లగా మెరసిన మరియమ్మ ముఖములో చీనావాని కోరికయు, బస్రా కుమ్మరి నేర్పును కలసియున్నవి.

పని జరుగు తీరు మన కుమ్మరులకు సులభముగా బోధపడును. సున్నపుపాలు గల లేతరంగు మన్నును ఎంచుకొందురు; పూతయు మన్నును చల్లారునప్పుడు ఒకే విధముగ ముడుచుకొననిచో పూత పగుళ్లు వారును గనుక ఈ యెంపిక ముఖ్యము. మన్నును అచ్చులో అదిమి, వెనుకవైపు గుల్లగా తోడివేయుదురు. దళసరి ఒకచోట హెచ్చు, ఒకచోట తగ్గు అయినచో ఆవములో పగులును. పెద్దమూర్తి యైనచో ముక్కలుగా కోసి, కాల్చిన పిదప గోడమీద కలుపుదురు. కోత వస్త్రపు మడతలలోనో, మెడమీది ముసుగు అంచుననో పడునట్లు చూతురు. నీడన బాగుగ ఆరిన తరువాత మొదటి కాల్పు. పిమ్మట సీసము, తగరము, ఇసుక, క్షారము కలిపి కరగించి నూరిన పొడిని నీట కలిపి పూసి రెండవ కాల్పు. సీసము పూతను కరగించును. తగరపు భస్మము దానిని పాలవలె తెల్లగా, లోపలి మట్టి కనబడనట్లు చేయును. కోబాల్టు కలిపిన నీలము, రాగి కలిపిన ఆకుపచ్చ, మాంగనీసు కలిపిన ఊదా, అంజనపుధాతువుతో పసుపు. బంగారుపూత మాత్రము కాల్పు అయిన తరువాత అంటించునది. అందుచేత అది నేడు చాలవరకు చెరిగిపోయినది. తక్కిన రంగులు ఐదువందల యెనుబదియేండ్లు గడచినను నిన్న ఆవమునుండి దింపినట్లే యున్నవి.

ఫ్లారెన్సు ప్రధానదేవాలయమున వస్తుభాండారపు ద్వారముపై 1442 నుండి 1445 వరకు లూకా చేసిన క్రీస్తు పునరుత్థాన శిల్పము ఈ పద్ధతికి తొలి పెద్ద విజయము. కాని ఈ పద్ధతి తన నిజమైన చోటు కనుగొన్నది ఇండ్లలోనే. ఇంటి మరియమ్మ నడుమువరకే కనబడును. నీలపు నేలమీద తెల్లని తల్లి, ఆమె చేతిలో తెల్లని బిడ్డ. బిడ్డ ఆమె మెడ పట్టుకొనును, లేదా ఆపిలుపండు పట్టుకొనును, లేదా వేలు నోట పెట్టుకొనును. తల్లి చూపు దించియుండును. బిడ్డ తఱచు మనవైపే చూచును. చర్మమునకు రంగు లేదు. కనుపాపలకు, కనుబొమలకు మాత్రమే కొలది రంగు. అందువలన చీకటిగదిలో ఒక్క వత్తి వెలిగించినను, నునుపైన తెలుపుమీద వెలుగు కదలాడి ముఖము ఊపిరి తీసినట్లుండును. చెక్కినది పట్టపగటి వెలుగుకొరకు గాదు, రాత్రి దీపముకొరకు. ప్రదర్శనశాలలలో విద్యుద్దీపముల క్రింద వీనిని చూచి ‘చల్లగా నున్నవి’ అనువారికి ఈ సంగతి తట్టకపోవుట సహజము.

లూకాకు పెండ్లి లేదు. సోదరుని కుమారుడు ఆంద్రియా (1435–1525) అతని శిష్యుడు. 1471లో లూకా వ్రాయించిన మరణశాసనము చదువదగినది. ఆంద్రియాకు తాను విద్య నేర్పితిననియు, ఆ విద్యతో అతడు తానును కుటుంబమును చక్కగా బ్రదుకగలడనియు చెప్పి, అతనికి శిల్పశాలను వదలి, తక్కిన ఆస్తిని మరియొక సోదరపుత్రునికి వ్రాసెను. ఆవము, అచ్చులు, పూత కలుపు పాళ్లు, ఇవి పొలముకంటె విలువైన ఆస్తి యని లూకా లెక్క. ఆ లెక్క తప్పలేదు. 1487లో అనాథశిశువుల ఆశ్రమము ముఖభాగమున పొత్తిగుడ్డలు చుట్టిన పసిబిడ్డల గుండ్రని పలకలను ఆంద్రియాయే చేసెను. అతని కుమారులలో పలువురు అదే వృత్తి పట్టిరి; ఒకడు ఫ్రాన్సు దేశమునకు వలసపోయి అచట రాజాశ్రయము పొందెను.

మనుమలనాటికి పని బజారుపని యయ్యెనని, ఒకే మూర్తి మరలమరల వచ్చెనని విమర్శకులు ఆక్షేపించిరి. రంగులు పెరిగి పండ్లదండల చట్రములు బరువెక్కిన మాట నిజమే. అయినను ‘మరలమరల’ అనుట దోషమెట్లగును? కోడలుగా క్రొత్తయింట కాలుపెట్టిన పిల్ల పుట్టినింట చూచిన తల్లి ముఖమునే ఇచటను చూడగోరును. ఆమెకు క్రొత్తదనముతో పనిలేదు.

ఈ ఫ్లారెన్సునకు కోవిల్పట్టికి సంబంధమేమని యడుగవచ్చును. మనుషుల సంబంధము కలదు. 1606లో మదురై చేరి తమిళ సంస్కృతములతోపాటు తెలుగును నేర్చిన రాబర్టు డి నొబిలి, ఫ్లారెన్సు గల తస్కనీ సీమలోనే మాంటిపుల్చియానో ఊరి వంశమువాడు. మదురై నాయకుల కొలువులో తెలుగు చెల్లుబడి యగుటచే ఆ భాష నేర్వక ఆయనకు తప్పినది కాదు. పిదప ఉత్తర ఇటలీవాడైన కాన్‌స్టాంజో బెస్కి (1680–1747) వచ్చెను. తమిళులు వీరమామునివర్ అని కొనియాడు ఈయన, కోవిల్పట్టికి చేరువనున్న కామనాయకన్‌పట్టిలో కొంతకాలము పనిచేసెను. ఊరి పేరులోనే నాయకుడున్నాడు. చుట్టును తెలుగు పాళెగాండ్ర సీమ. అచటి పరలోకమాత ఆలయమున ఆగస్టు 15వ తేది ఉత్సవమునకు నేటికిని జనము తండోపతండములుగా కూడుదురు. రొబ్బియాల మట్టిపలకలు ఓడలెక్కి వచ్చినవని చెప్పుట ఈ వ్యాసమున తాత్పర్యము గాదు. వచ్చినది ఆచారము: ఇంట తల్లిరూపమునుంచి దీపము పెట్టుట. ఆ ఆచారమునకు ఇచట త్రోవ వేయనక్కరలేకపోయెను. దీపపుగూళ్లు అప్పటికే గోడలలో నున్నవి. బెస్కి తరువాత కోనాన్‌కుప్పములో నిలిపిన తల్లికి పెరియనాయకి యని పేరు పెట్టెను. ఆమె కట్టు చీరకట్టు.

మట్టి కూడ పూర్తిగా దూరము గాదు. విరుదునగరమునకు ఉత్తరమున, మదురై చెంతనున్న విళాచ్చేరి కుమ్మరుల ఊరు. దసరా కొలువు బొమ్మలు చేసిన చేతులే, ఆ ముగియగానే, క్రిస్మసు కుటీరపు బొమ్మలు చేయును: పశువులకొట్టము, పొత్తిళ్లలో బాలుడు, మరియ, యోసేపు, గొల్లలు, ముగ్గురు జ్ఞానులు. ఇటలీలో గ్రెచ్చియో అను పల్లెలో 1223లో ఫ్రాన్సిసు సన్న్యాసి క్రీస్తుజననపు కొట్టమును కట్టిచూపినదాదిగా ఈ వేడుక వ్యాపించినదని ప్రతీతి. విళాచ్చేరి అచ్చులో మాత్రము గొల్లవాని ముఖమునకును, కొలువులోని కృష్ణుని చెలికాని ముఖమునకును అంత భేదముండదు. ఒకే వీధిలో ఒక ఇంట తొమ్మిది మెట్లమీద బొమ్మలు, మూడు నెలలకు వేరొక ఇంట గడ్డిపైని బొమ్మలు. రెండును ఒకే ఆవపు బిడ్డలు.

ఇక కాగితపు మాట. దానికి ముందు పలక యొకటి కలదు. మరాఠా రాజుల కాలమున తంజావూరులో వర్ధిల్లిన బంగారుచిత్రములను వ్రాసినవారిలో తంజావూరు, తిరుచిరాపల్లి రాజులును, మదురై నాయుళ్లును ముఖ్యులు. విజయనగర నాయకరాజుల కాలమున రాయలసీమనుండి దక్షిణమునకు వచ్చిన తెలుగు కుటుంబములవారు. పనసచెక్కపై గుడ్డ అంటించి, సుద్దముద్దతో నగలు, కిరీటములు, మండపపు స్తంభములు ఉబ్బెత్తుగా నిలిపి, బంగారురేకు అతికి, అద్దపు రవ్వలు తాపుదురు. గచ్చుతో ఉబ్బెత్తుగా పోసి రంగు, బంగారము పెట్టిన ఫ్లారెన్సు మరియమ్మకు ఇది వరుసకు అక్కచెల్లెలు. పూజగది చీకటిలో దీపమునకు మెరయుటకే ఈ ఉబ్బును, ఈ బంగారమును. కాని బంగారురేకు పటము కలవారి యింటికే పరిమితము. పేదయింటి గోడకు మూర్తి రావలెనన్నచో అచ్చుయంత్రము రావలెను. రవివర్మ 1894లో బొంబాయి చెంత ముద్రణాలయము పెట్టి త్రోవ చూపెను. తెన్నాట ఆ పని శివకాశి నెత్తికెత్తుకొనెను.

శివకాశి నేడు విరుదునగరము జిల్లాలోనిది; 1985లో క్రొత్త జిల్లా ఏర్పడువరకు రామనాథపురము జిల్లాలో నుండెను. వానలు తక్కువ, పంట తక్కువ. అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చి 1923లో తిరిగివచ్చిన కథ ఆ సీమలో అందరెఱిగినదే. అగ్గిపెట్టెకు బాణసంచాకు రంగుల చీటీలు కావలెను; చీటీలకై శిలాముద్రణ యంత్రములు వచ్చినవి; యంత్రములు వచ్చిన పిదప అవి ఊరకుండరాదు గనుక వర్తకులకు క్యాలండర్లు అచ్చువేయసాగినవి. అగ్గిపుల్ల వెలిగించిన దీపమునకు మూర్తిని కూడ అగ్గిపెట్టెయే తెచ్చిపెట్టినదనుట అతిశయోక్తి గాదు.

ఆ యంత్రములకు రూపము నిచ్చినవారిలో అగ్రగణ్యుడు సి. కొండయ్య రాజు. ఆయన 1898లో మదరాసు మైలాపూరులో జన్మించెను. మదరాసు ప్రభుత్వ చిత్రకళాపాఠశాలలో చదివెను. కొంతకాలము తిరువణ్ణామలైలో రమణమహర్షి ఆశ్రమమున గడపి మహర్షి రూపమును చిత్రించెను. సన్న్యాసబుద్ధి ఆయనను విడువలేదు, పెండ్లి చేసికొనలేదు. తరువాత నాటకసమాజములకు తెరలు వ్రాయు పనిలో చేరి, 1940 దశకమున అట్టి సమాజము వెంట కోవిల్పట్టి వచ్చి అచటనే నిలిచిపోయెను. సినిమా వచ్చి నాటకపు డేరాలు మూతపడిన కాలమది. దర్బారు తెర, అడవి తెర, ఉద్యానవనపు తెర వ్రాసిన చేతులకు పని కావలెను. కోవిల్పట్టిలో ఆయనయు శిష్యులును దేవీ ఆర్ట్ స్టూడియో నడపిరి; ఫొటోలు తీసి రంగులద్దుటయు, పటములు వ్రాయుటయు అచటి పని. టి. ఎస్. సుబ్బయ్య, ఎం. రామలింగం, టి. ఎస్. అరుణాచలం మున్నగువారు ఆ శిష్యబృందములోనివారు. గురువు సంతకము ప్రక్కను శిష్యుని సంతకము పెట్టించుట ఆయన పద్ధతి. కొడుకులు లేని గురువు శిష్యుల కిచ్చిన ఆస్తి అది. లూకా మరణశాసనము ఇచట జ్ఞప్తికి రాక మానదు.

ఆయన చిత్రములలో నాటకరంగము దాగియున్నది. మీనాక్షీకల్యాణము చూడుడు: ఇరుప్రక్కల స్తంభములు, వెనుక మండపము, ముందునుండి పడిన వెలుగు, ప్రతి పాత్రయు ప్రేక్షకునివైపు తిరిగి నిలుచుట. రవివర్మ దేవతలు తమలో తాము ఏదో కథ జరుపుకొనుచున్నట్లుందురు. కొండయ్య రాజు దేవతలు మనలను చూచుటకే నిలిచినట్లుందురు. చిత్రకళాపాఠశాల నేర్పిన అంగసౌష్ఠవము, నీడ వెలుగు అన్నియు ఉన్నవి. కాని బుగ్గమీది నీడ ఎచటను ముఖకాంతిని చెరుపదు. నిండు ముఖము, విశాలమైన కన్నులు, అభయహస్తము. ఇవి పూజకు కావలసినవి. ఇంటి పటము కథ చెప్పుటకు గాక కన్నులు కలుపుటకని ఆయనకు బాగుగ తెలియును.

అసలు చిత్రము కోవిల్పట్టిలో తయారై శివకాశికి పోవును. అచట తొలిరోజులలో ముద్రణాలయపు పనివారు దానిని చూచి ఒక్కొక్క రంగును వేరుచేసి, ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాతిమీద చేతితో చుక్కలు పెట్టి దించెడివారు. ఒక కాగితము పెక్కుసార్లు యంత్రము క్రింద దూరి, రంగుమీద రంగు పడి, చివరకు లక్ష్మి యగును. రాయి పోయి రేకు వచ్చెను, చేతిచుక్కలు పోయి కెమెరా వచ్చెను; పటము మాత్రము అదియే.

ఆ పటము ఇంటికి చేరు విధము మరియు విచిత్రము. దానిని కొననక్కరలేదు! కొత్తసంవత్సరమునకు పప్పులవ్యాపారియో, నూనెవ్యాపారియో, జవుళివ్యాపారియో తన ఖాతాదారులకు ఉచితముగ నిచ్చును. పైన దేవి, ఆమె పాదములక్రింద దుకాణము పేరు, దానిక్రింద తేదీలు. గృహిణి ఆ తేదీలమీద పాలలెక్క వ్రాసికొనును. సంవత్సరము గడచినంతనే తేదీలును దుకాణమును కత్తిరించివేసి, దేవిని చట్రములో బిగించి దీపము పెట్టును. నిన్నటివరకు క్యాలండరు, నేడు దైవము. ప్రకటనకాగితమునకు ప్రతిష్ఠచేసిన పురోహితుడు ఆ యింటి కత్తెర! ఫ్లారెన్సులోను కొన్ని మరియమ్మల పాదములకడ ఇంటివారి వంశచిహ్నములు చెక్కబడియుండుట చూచినచో, దైవము పాదములకడ తన పేరుండవలెనను కోరిక ఒక్క విరుదునగరపు వర్తకునిదే గాదని తెలియును.

ఈ రెండు ఊళ్ల కథ ఇంతవరకు ఒకే దారిని నడచి ఇచట విడిపోవుచున్నది. రొబ్బియాల పూత కాలమునకు చెక్కుచెదరలేదు. దానికితోడు 19వ శతాబ్దిలో ఐరోపా, అమెరికా ధనికులు వానిని వెదకి కొని ప్రదర్శనశాలలకు చేర్చిరి. 2016లో బోస్టను నగరమున రొబ్బియాలకే ప్రత్యేకముగ ఒక ప్రదర్శనము జరిగెను; 2017లో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాల ఇటలీ ఇండ్లలోని భక్తివస్తువుల నన్నిటిని ఒకచోట చేర్చి చూపెను. అచ్చుతీసిన గచ్చు మరియమ్మలు కూడ నేడు పండితుల యధ్యయనమునకు పాత్రములైనవి.

కాగితమునకు అట్టి ఆయుస్సు లేదు. ఎండకు ఎఱుపు ముందుగా పోవును. చెదపురుగు వెనుక అట్టను తినును. వానకాలము గోడచెమ్మ అద్దమునకు కాగితమును అంటించివేయును. చినిగిన పటమును చెత్తలో వేయుటకు మనసొప్పదు, ఉంచుకొనుటకు చోటుండదు. అందుచేత దానిని తీసికొనిపోయి గుడిచెంత రావిచెట్టు మొదట ఆనించి, నమస్కరించి వత్తురు. మట్టివినాయకుని నీట కలిపినట్లు ఇదియు నిమజ్జనమే. ఆచారము సుందరము, చరిత్రకు మాత్రము నష్టము. కొండయ్య రాజు 1976లో గతించెను. ఆయన వ్రాసిన అసలు చిత్రములు ముద్రణాలయములకు పోయినవి. వానికి ప్రతులనేకము, పేరు తలచువారు స్వల్పము. ఆయన రూపములనే ఇతరులు కొద్దిమార్పులతో వ్రాయగా, సంతకము లేకయే లక్షలుగా అచ్చుపడినవి. మదురై సీమ కుమ్మరులగు వేళార్లను గూర్చి పరిశోధించిన కెనడా విద్వాంసుడు స్టీఫెన్ ఇంగ్లిస్, పిదప కోవిల్పట్టి చిత్రకారులవైపు మరలి, కొండయ్య రాజును గూర్చి శ్రద్ధతో వ్రాసెను. మట్టిని చదివినవాడే కాగితమును చదువుట యాదృచ్ఛికము గాదు. ఇంటి దైవమును చేయువారు ఎవరను ప్రశ్న ఆయనకు రెంటను ఒక్కటియే.

తెలుగు సంఘములు తెన్నాటి తెలుగువారి ఘనతను లెక్కించునపుడు నాయకరాజుల కోటలను, శాసనములను, కవులను స్మరించుట పరిపాటి. అది కావలసినదే. అయితే ఈ సీమలో ఎన్ని యిండ్ల గోడలమీద తెలుగు పేరుగలవాని చేవ్రాత నిత్యము దీపము నందుకొనుచున్నదో లెక్కించినవారు లేరు. తమిళులు, తెలుగువారు, వర్తకులు, కూలివారు అందరి యిండ్లలోను అది కలదు. దానికై గ్రంథాలయమునకు పోనక్కరలేదు. పండుగకు పటములు దింపి అద్దము తుడుచు నాడు, పాతదైన యే పటమునైనను చట్రమునుండి వెలికి తీసినచో క్రింది మూల చెక్కచాటున, కుంకుమ జారి అంటిన చోట, చిన్న అక్షరములలో సి. కొండయ్య రాజు అనియు, కొన్నింటిలో ప్రక్కనే టి. ఎస్. సుబ్బయ్య అనియు సంతకము కనబడవచ్చును.